దొంగకొమ్మ

వెనియామిన్ చేతిలో మొక్క బతకదని నలభై ఏడో కిలోమీటరు దగ్గర, ఊళ్ళోవాళ్ళు వేసవి గడిపే దాచా తోటల్లో అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ ఎగతాళిగా అనేవారు కాదు. కాలు నొప్పితో నడిచేవాణ్ణి చూసి దారి ఇచ్చినట్టే, అతను కంచె దగ్గర నిలబడి పలకరిస్తే నారుపెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టుకుని బదులు చెప్పేవారు.

అతను ఉద్యోగం చేసినన్నాళ్ళూ లోకల్ రైళ్ళలో టికెట్లు చెక్ చేశాడు. రిటైరయ్యాక అదే లైను మీద, తను కొన్ని వేలసార్లు తల తిప్పకుండా దాటిపోయిన ఒక హాల్టు పక్కన, చెక్క గదీ కాస్త తోటా కొన్నాడు. ఆ హాల్టుకి పేరు లేదు. పట్టాల పక్క రాతి మీద ఉన్న అంకే దాని పేరు. అక్కడ మంచు మే నెలలో పోతుంది, ఆగస్టు చివర్లో ఆకుల మీద తెల్లగా మళ్ళీ కనిపిస్తుంది. మధ్యలో దొరికిన ఆ కాస్త వేసవిలోనే బంగాళాదుంప ఊరాలి, క్యాబేజీ చుట్టుకోవాలి, పాత కిటికీ రెక్కలతో కట్టిన గాజు గదిలో కీరా దోస నాలుగు కాయలు కాయాలి. జూన్‌లో కూడా ఏదో ఒక సాయంత్రం చల్లగాలి తిరిగితే జనం ఇళ్ళలోంచి పాత కోట్లూ పరదాలూ దుప్పట్లూ తెచ్చి మొక్కలకి కప్పేవారు. వెనియామిన్ తన రైల్వే కోటు కప్పేవాడు. పొద్దున్నే తీసి చూస్తే దాని కింద మొక్కలు చచ్చి ఉండేవి. కోటు మాత్రం భేషుగ్గా ఉండేది.

బద్ధకస్తుడా అంటే కాదు. పుస్తకాలు చదివేవాడు. లోతు కొలిచి గింజ వేసేవాడు. నీళ్ళు గోరువెచ్చగా చేసి పోసేవాడు. అయినా ఏదీ అతని దగ్గర నిలిచేది కాదు. భార్య కూడా అంతే. ఏ గొడవా లేకుండా, వంటగదిలో గిన్నెలన్నీ తోమిపెట్టి, వేరే ఊరి పళ్ళ డాక్టర్ని పెళ్ళి చేసుకోవడానికి వెళ్ళిపోయింది. పిల్లి ఫోమా అంత దూరం కూడా పోలేదు. కంచె దాటి కపితోలినా ఇంటి మెట్టు మీద మకాం పెట్టింది. అక్కణ్ణించి వెనియామిన్ వంక, ఈ మనిషిని ఎక్కడో చూశానే అన్నట్టు చూసేది. మొక్కల్నీ భార్యనీ పిల్లినీ అతను ఒకే వరసలో పెట్టి ఆలోచించేవాడు. ఆలోచించి, తనలో ఏదో లేదని తేల్చుకునేవాడు. ఏది లేదో తెలిస్తే ఎక్కడున్నా తెచ్చి పెట్టుకునేవాడే.

కపితోలినా పక్క తోట ఆవిడ. డెబ్బై దాటాయి. వెడల్పాటి ముఖం, మగవాళ్ళ రబ్బరు బూట్లు, ఎదుటివాళ్ళ మాట పూర్తవనివ్వని నోరు. ఆవిడ గుమ్మం పక్కన ఒక గులాబీ పొద ఉండేది. ఆ చలిలో మిగతావాళ్ళు గులాబీలకి గోనెపట్టాలు చుట్టి, ఫర్ చెట్టు కొమ్మలు కప్పి, చంటిపిల్లల్లా చూసుకున్నా వసంతానికి కట్టెలే మిగిలేవి. ఈ పొదకి ఆవిడ ఏదీ కప్పేది కాదు. అది మంచులో మునిగిపోయి, మే నెలలో నల్లగా బయటపడి, జులై వచ్చేసరికి లేతరంగు పూలతో సగం గుమ్మాన్ని మూసేసేది. అప్పుడే కోసిన ఆపిల్ పండు వాసన. గాలి ఇటు తిరిగితే వెనియామిన్ టీ బల్ల దాకా వచ్చేది.

అతనికి ఆ గులాబీ కావాలి. పూల కోసం కూడా కాదు. దాని కొమ్మ ఒక్కటి తన నేలలో నాటుకుని, ఒక్క శీతాకాలం దాటి చిగురిస్తే చాలు. తన గురించి తను తేల్చుకున్న మాట తప్పని రుజువవుతుంది.

జూన్‌లో ఒక పొద్దున అతను చచ్చిన కీరా తీగల మీంచి కోటు తీస్తూ ఉంటే, కపితోలినా కంచె మీద మోచేతులు ఆనించి, ఎప్పట్లాగే తండ్రి పేరుతో పిలిచింది.

"గవ్రీలిచ్, వింటున్నావా? తోట అమ్మేశాను."

"ఎవరికండీ?"

"రదియోన్ అని, కుర్రాడు. మంచివాడే. నా మోకాళ్ళు ఇంక వంగనంటున్నాయి. ఊళ్ళో ఫ్లాట్ ఉండనే ఉంది, కింద బెంచీ ఉంది. కూర్చుని వచ్చేపోయేవాళ్ళని తిట్టుకుంటా. ఆ అబ్బాయి ఇక్కడ ఆవిరిస్నానాల గది కడతాడట, నా గుమ్మం పక్కన."

"గుమ్మం పక్కనా? మరి గులాబీ?"

"గులాబీకేముంది. ముసలి వేరు, తవ్వితే ఊడి రాదు. శరత్కాలంలో దాని నెత్తిన పొయ్యి పెడతారు."

వెనియామిన్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "కపితోలినా ప్రోహొరొవ్నా, నాకు దాని కొమ్మ ఒకటి ఇప్పిస్తారా?"

"ఇవ్వను."

అతను ఆ జవాబు ఊహించలేదు.

"రెండుసార్లు ఇచ్చాను," అంది ఆవిడ. "మొదటిసారి ఏం చేశావు? థాంక్స్ చెప్పావు. ఇచ్చిన మొక్కకి థాంక్స్ చెప్తారటయ్యా ఎవరన్నా? దాని ముఖాన తలుపు వేసినట్టు."

"అలవాటుకొద్దీ వచ్చేసిందండీ."

"అలవాటుకొద్దీ మూడుసార్లు వచ్చింది. రెండోసారి పళ్ళు బిగించుకుని ఊరుకున్నావు. పోనీలే బాగుపడ్డాడు అనుకున్నా. సాయంత్రానికల్లా తేనె సీసా పట్టుకొచ్చావు."

"ఊరికే ఎలా తీసుకుంటాను?"

"అదే నీ రోగం. అది చాలదన్నట్టు, వారం తిరక్కుండా తవ్వి చూశావు, వేరొచ్చిందా లేదా అని. మళ్ళీ పాతావు, మళ్ళీ తవ్వావు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాలే. మొక్కని కూడా టికెట్ అడుగుతావేమయ్యా నువ్వు?"

వెనియామిన్ చెవులు ఎర్రబడ్డాయి. "అయితే ఏం చెయ్యమంటారు?"

"దొంగిలించుకో. ఇచ్చిన గులాబీకి పొగరు ఉండదు. దొంగిలించిందే బతుకుతుంది. నేను దాన్ని ఎక్కణ్ణించి తెచ్చాననుకున్నావు? కట్టెల మిల్లు డైరెక్టరు ఇంటి ముందు నుంచి. వాళ్ళావిడ కిటికీలో కూర్చుని టీ తాగుతోంది, నేను కింద వంగి కోస్తున్నాను. కాకపోతే ఒకటి. నాకు తెలియకూడదు. తెలిస్తే ఇచ్చినట్టే లెక్క."

"కానీ ఇప్పుడు మీకు తెలుసు కదా."

"నాకేం తెలుసు? నేనసలు నీతో మాట్లాడలేదే." ఆవిడ వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి, పిల్లితో అంటున్నట్టు అంది. "పూరేకులు రాలేలోపల. ఆ తర్వాత కొమ్మ ముదిరిపోతుంది, ఇంక వేరు పెట్టదు."

ఆ రోజంతా వెనియామిన్ బల్ల దగ్గర కూర్చుని తనలోకి తను చూసుకున్నాడు. టికెట్ లేనివాళ్ళు అతనికి బాగా తెలుసు. దొంగనిద్ర పోయేవాళ్ళు. జేబులన్నీ తడుముకుని ఆశ్చర్యపోయేవాళ్ళు. నదిని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు కిటికీలోంచి తల తిప్పనివాళ్ళు. వాళ్ళ మీద అతనికి ఎప్పుడూ కోపం రాలేదు. ఏదో అర్థంకాని అసూయ ఉండేది. తమది కాని సీటులో అంత సుఖంగా ఎలా కూర్చోగలరు? అతను డబ్బు కట్టిన సీటులో కూడా అంచునే కూర్చునేవాడు.

పైగా అంత ఉత్తరాన జూన్‌లో రాత్రిళ్ళు కూడా చీకటి పడదు. దొంగకి కావలసిన మొదటి వసతే లేదు.

కపితోలినా తన వంతు సాయం మొదలుపెట్టింది. ఒకరోజు తలకి రుమాలు కట్టుకుని, బుట్ట పట్టుకుని, వీధి వీధంతా వినబడేలా పిల్లికి చెప్పింది. "ఫోమా, నేను షాపుకి పోతున్నా. ఇప్పట్లో రాను." గేటు బార్లా తెరిచి వెళ్ళిపోయింది. వెనియామిన్ బయటికి వచ్చాడు. గేటు దాకా నడిచాడు. అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. గేటు గాలికి కొట్టుకుంటోంది. బందు ఊడిపోతుందేమో అనిపించి, దగ్గరగా వేసి, గడియ కూడా పెట్టి ఇంటికి వచ్చేశాడు.

తర్వాత ఒక పొద్దున కంచె మీద, సరిగ్గా అతని వైపు, తోట కత్తెర కనిపించింది. నూనె రాసి మెరుస్తోంది. అతను దాన్ని గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి ఇచ్చాడు.

"మర్చిపోయినట్టున్నారు. మంచు పడితే తుప్పు పడుతుందండీ."

కపితోలినా ఎక్స్‌రే చూస్తున్న డాక్టరులా అతని వంక చూసింది. "మీ అమ్మకి చాలా ఓపిక ఉండి ఉంటుంది," అంది.

మూడోసారి అతను నిజంగానే తెగించాడు. పూలు విచ్చుకున్నాయి, రోజులు దగ్గరపడుతున్నాయి. రొట్టెలు కోసే చాకు జేబులో పెట్టుకుని పొద దాకా వెళ్ళాడు. ఇంట్లో కపితోలినా ఉంది. అతని అడుగుల చప్పుడు విన్నట్టుంది, వెంటనే గొంతెత్తి పాట అందుకుంది, నాకు బయటి చప్పుళ్ళేవీ వినబడటం లేదు సుమా అని. వెనియామిన్ ఒక కొమ్మ పట్టుకున్నాడు. వదిలేశాడు. తలుపు తట్టాడు.

పాట ఆగింది.

"కపితోలినా ప్రోహొరొవ్నా, లోపలికి రావచ్చా?"

"వద్దు," అంది లోపలి గొంతు. "ఇంట్లో ఎవరూ లేరు."

జులై చివర్లో రదియోన్ వచ్చాడు, టేపూ మేకులూ తాడూ పట్టుకుని. భుజాల దగ్గర చొక్కా చాలని, నవ్వు ముఖం కుర్రాడు. వెనియామిన్‌ని చూడగానే కంచె మీంచి చెయ్యి చాపాడు.

"బాబాయ్, పక్కింటివాళ్ళం ఇంక. గది పూర్తయ్యాక ప్రతి శనివారం మీరు ఆవిరికి రావల్సిందే. బీరు నాది."

"తప్పకుండా బాబూ," అన్నాడు వెనియామిన్. ఆ అబ్బాయి మీద కోపం తెచ్చుకుందామని చూశాడు కానీ కుదరలేదు.

రదియోన్ మేకులు కొట్టి తాడు లాగాడు. తాడు నేరుగా గులాబీ పొద మీంచి పోయింది. బిగించేసరికి పొద ఒక్కసారి అదిరి, పూరేకులు గుప్పెడు జలజలా రాలాయి. ఆ తర్వాత కపితోలినా అతన్ని బావి చూపించడానికి తోట వెనక్కి తీసుకెళ్ళింది. ఇద్దరి వీపులూ కనిపిస్తూనే ఉన్నాయి. ఆవిడ పంపు గురించి, చుట్టుపక్కల తోటల్లో అందరికీ వినబడేంత గట్టిగా చెబుతోంది.

వెనియామిన్ రాలిన రేకుల వంక చూశాడు. అతనిలో ధైర్యం ఏమీ పుట్టలేదు. ఆ తాడు మీద మాత్రం ఒళ్ళు మండింది. అది ఎవర్నీ అడక్కుండా, ఎవరికీ థాంక్స్ చెప్పకుండా, తన పాటికి తను తిన్నగా పోయింది. ఇంట్లో చెప్పులతోనే కంచె సందులోంచి దూరాడు. చాకు తీశాడు. అప్పుడే రేకులు రాల్చిన ఒక రెమ్మ, పెన్సిలంత లావుది, కోశాడు. తెగిన చప్పుడు అవతలి స్టేషను దాకా వినిపించి ఉంటుందనిపించింది. కొమ్మని చొక్కా లోపలికి తోశాడు. ముళ్ళు ఛాతీకి దిగాయి.

"వెనియామిన్ గారూ, అక్కడేం చేస్తున్నారు?"

గేటు దగ్గర ఫయీనా నిలబడి ఉంది. తోటల సంఘం అధ్యక్షురాలు. ఆవిడకి తెలిసింది సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది.

"పిల్లిని వెతుకుతున్నాను," అన్నాడు వెనియామిన్.

ఫోమా అతని ఎడమ చెప్పు మీద కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చి కూర్చుందో అతను చూడలేదు.

ఫయీనా పిల్లి వంక చూసింది. అతని చొక్కా వంక చూసింది. "దొరికిందా?"

"ఇంకా లేదండీ."

"దొరికితే చెప్పండి," అని ఆవిడ ముందుకు సాగిపోయింది. మలుపు తిరిగేదాకా ఆవిడ వీపు నవ్వుతో ఊగుతూనే ఉంది.

ఇంటికి నడుస్తూ ఉంటే తను ఆకాశం వంక చాలా శ్రద్ధగా చూస్తున్నాడని వెనియామిన్‌కి తెలిసింది. మబ్బుల్ని జీవితంలో మొదటిసారి చూస్తున్నవాడిలా. ఓహో, ఇలా ఉంటుందన్నమాట, అనుకున్నాడు. ముళ్ళు గుచ్చుకుంటున్నా ఎక్కణ్ణించో నవ్వు వచ్చింది.

కొమ్మని సామాన్ల కొట్టం వెనకాల నాటాడు, ఎవరి కంటా పడని చోట. పైన పెద్ద గాజు సీసా బోర్లించాడు. అటు వెళ్ళే దారి కపితోలినా కిటికీలోంచి కనబడుతుంది, అంటే దొంగతనం బయటపడుతుంది. అందుకని పోయేవాడు కాదు. మరీ ఎండ కాసిన రోజున మాత్రం ఏదో పనున్నట్టు వెళ్ళి, తల పక్కకి తిప్పుకుని, సీసా చుట్టూ కాసిని నీళ్ళు ఒంపి వచ్చేసేవాడు. తన తోటలో తను తనిఖీ చెయ్యనిది అదొక్కటే ఉంది. దాని గురించి ఆలోచించేటప్పుడు కూడా సగం ఆలోచనలోనే కళ్ళు దించుకునేవాడు.

ఒప్పేసుకోవాలన్న దురద మాత్రం అతన్ని తినేసింది. ఒకసారి ఆగలేక కంచె దగ్గరికి వెళ్ళాడు.

"కపితోలినా ప్రోహొరొవ్నా, మీతో ఒక విషయం చెప్పాలి."

"నాకు చెవుడొచ్చింది," అంది ఆవిడ క్యాబేజీ పురుగులు ఏరుతూ. "పొద్దుటినుంచీ."

ఆగస్టు చివర్న ఆవిడ సామాను కట్టేసి, టీకి వచ్చింది. రాస్ప్బెర్రీ జామ్ తెచ్చింది. రెండు కప్పులు తాగింది, అతని బంగాళాదుంపలు గోళీకాయల్లా ఉన్నాయంది, ఆ తర్వాత ఎరువు కుప్ప చూసి తీరాలని లేచింది. వద్దనడానికి అతనికి కారణం దొరకలేదు. కొట్టం వెనక సీసా దగ్గర ఆవిడ ఆగిపోయింది. లోపలంతా ఆవిరి పట్టి ఉంది. గాజుకి ఆనుకుని ఒక ఆకుపచ్చని ఛాయ.

"అదేంటి?"

నిజం వెనియామిన్ నాలుక చివరి దాకా వచ్చి నిలబడింది, చేతిలో టికెట్ పట్టుకుని. "దోస," అన్నాడు.

"దోసకి ముళ్ళుంటాయా?"

"ఈ రకానికి ఉంటాయి."

"ఏ రకం?"

"ఉత్తరాది రకం. కొత్తది. పుస్తకంలో రాశారు."

కపితోలినా ముఖం మెల్లిగా వెలిగింది. బడిలో ఎప్పటికీ నోరు విప్పని పిల్లవాడు లేచి పాఠం అప్పజెప్పినప్పుడు పంతులమ్మ ముఖం వెలిగినట్టు. "పుస్తకంలో ఉంటే సరేలే," అంది. "ఆ రకాన్ని శీతాకాలమంతా సీసా కిందే ఉంచుతారేమో కదా? పైన ఆకులు కప్పి, మంచు ఎగదోసి?"

"అలాగే అనుకుంటానండీ."

"మే నెలలో తీస్తారేమో. ఎండలో కాదు. మబ్బు పట్టిన రోజు చూసి."

"దోసకాయల గురించి మీకు చాలా తెలుసే."

"ఏదో, విన్నాను."

మర్నాడు హాల్టులో ఆవిడ సంచులు రైలెక్కించాడు. తలుపు మూసుకునే ముందు ఆవిడ వేలు చూపించింది. "ఏదో అనబోతున్నావు."

"ఏం లేదండీ," అన్నాడు వెనియామిన్, పళ్ళు బిగించి.

"మంచిది."

శీతాకాలం అతను ఊళ్ళో, తన ఫ్లాట్‌లో గడిపాడు. కిటికీ అవతల మంచు పడుతున్నప్పుడల్లా ఆ సీసా మీద ఇంకో దుప్పటి పడుతోందనుకునేవాడు. ఫిబ్రవరిలో ఒకరోజు ఇంక ఉండబట్టలేక పార పట్టుకుని రైలెక్కాడు. నలభై ఏడో కిలోమీటరులో తలుపులు తెరుచుకున్నాయి. నడుము లోతు మంచు, దాని మీద ఒక్క అడుగుజాడ కూడా లేదు. అంత తెల్లదనాన్ని తవ్వి ఏమని అడగాలి? వెనియామిన్ లేచి, మళ్ళీ కూర్చున్నాడు. తలుపులు మూసుకున్నాయి. అతని టికెట్ అక్కడివరకే ఉంది. తర్వాతి స్టేషను దాకా అతను టికెట్ లేకుండా ప్రయాణం చేశాడు, సీటులో పూర్తిగా వెనక్కి జారగిలబడి, గడ్డకట్టిన నదిని కిటికీలోంచి చూస్తూ.

మే నెలలో మబ్బు పట్టిన రోజు కోసం కాచుకుని, ఆకులు తీసి, సీసా ఎత్తాడు. కొమ్మ గోధుమరంగులో, ఎండిన పుల్లలా ఉంది. పాత ఆకులు నల్లగా వేలాడుతున్నాయి. అతను సీసా పక్కన పెట్టాడు. తర్వాత కింద, మట్టిని ఆనుకుని, గోరంత ఎర్రటి మొన కనిపించింది. వెనియామిన్ తడి నేల మీద కూలబడ్డాడు. వేలు చాపాడు. మొనకి ఇంకా జానెడు దూరంలో ఉండగానే వెనక్కి తీసుకున్నాడు.

ఆ పక్కనే రదియోన్ ఆవిరిగది లేచింది. ఫోమా దాని మెట్టు మీదకి మకాం మార్చింది, అక్కడ వెచ్చగా ఉంటుంది కాబట్టి. ఆ మాట వెనియామిన్ ఎవరితోనో నవ్వుతూ చెప్పాడు. ఇదివరకు మొక్కలూ భార్యా పిల్లీ అనే ఆ వరస తలుచుకుంటే అతనికి నవ్వొచ్చేది కాదు.

మరో ఏడాది తిరిగి జులై వచ్చాక, ఒక శనివారం కపితోలినా రైల్లో వచ్చింది, ఫయీనా ఇంటికి స్ట్రాబెర్రీల కోసమట. వెనియామిన్ దగ్గర టీకి ఆగింది. ఆవిడ కూర్చున్న చోటికి కొట్టం వెనకనుంచి గాలి వీస్తోంది. అప్పుడే కోసిన ఆపిల్ పండు వాసన.

"మా బిల్డింగు కింద కిటికీల ముందు అందరూ పూలమొక్కలు వేశారు," అంది కపితోలినా, ఎటో చూస్తూ. "అన్నీ బంతిపూలే. నా కిటికీ కింద మాత్రం బోసిగా ఉంది. నీ దోస ఎలా ఉంది?"

"పూసిందండీ."

"దోస పూయడంలో వింతేముంది," అని ఆవిడ టీలో చక్కెర కలుపుతూ కూర్చుంది. చాలాసేపు కలిపింది. వెనియామిన్‌కి తేనె సీసా గుర్తొచ్చింది. మంచిగా ఒక కొమ్మ కోసి, తడి గుడ్డ చుట్టి, ఆవిడ చేతిలో పెట్టాలని ప్రాణం కొట్టుకుంది. లేచి నిలబడ్డాడు.

"ఇంట్లో రొట్టె అయిపోయింది. షాపు దాకా వెళ్ళొస్తాను. ఆలస్యం అవుతుంది."

బల్ల మీద, ఇద్దరి మధ్య, సగం కోసిన రొట్టె ఉంది. కపితోలినా దాని వంక చూసింది.

"అవును, బొత్తిగా లేదు," అంది. "వెళ్ళిరా."

అతను తోట కత్తెర నూనెగుడ్డతో తుడిచి, మెట్టు మీద పెట్టి, గేటు బార్లా తెరిచి బయటపడ్డాడు. హాల్టు దాకా నడిచాడు. బెంచీ మీద కూర్చున్నాడు, వచ్చిన రైలుని ఎక్కకుండా పోనిచ్చాడు, ఇంక చాలనిపించి వెనక్కి వచ్చాడు. సందు మొదట్లోనే కొట్టం వెనక ఒక వెడల్పాటి వీపు కనిపించింది. గోడ పట్టుకుని, వంగడానికి ప్రయత్నిస్తూ, ఆగి, మళ్ళీ ప్రయత్నిస్తూ.

వెనియామిన్ అక్కడే గిరుక్కున తిరిగాడు. ఆకాశం వంక చాలా శ్రద్ధగా చూస్తూ మళ్ళీ హాల్టు వైపు నడిచాడు. ఆవిడ మోకాళ్ళు తొందరగా వంగవు.